గచ్చిబౌలి ఉద్యోగమా, కోర్టా? రెండేళ్ల జూనియర్ ఏ పని నేర్చుకుంటే నిలబడతాడు?

కొత్త_నల్లకోటు

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి, ఎన్‌రోల్ అయ్యి, ఆలిండియా బార్ ఎగ్జామ్ కూడా పాసయ్యాను. ఒక సివిల్ సీనియర్ దగ్గర జూనియర్‌గా రెండేళ్లు నిండాయి. పొద్దున పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు, అవసరమైతే అక్కణ్నుంచి ఎల్బీ నగర్. వాయిదాలు తీసుకోవడం, కాపీ అప్లికేషన్లు పెట్టడం, సాయంత్రం ఆఫీసులో సార్ చెప్పింది రాసుకోవడం. నెలకు 8,000 ఇస్తారు. సార్ మంచివారే, ఆ మాట ముందే చెప్పాలి. కానీ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌కు కట్టి, బండికి పెట్రోలు పోయించాక ఇంటికి పంపడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక కంపెనీ లీగల్ టీమ్‌లో ఉద్యోగం వచ్చేలా ఉంది. కాంట్రాక్టులు చదివి తేడాలు పట్టుకునే పని. నెలకు 45,000. నాన్న ‘ఇంకేం ఆలోచిస్తున్నావురా’ అంటున్నారు. నాకేమో కోర్టు వదలాలని లేదు. జడ్జి పరీక్ష కూడా మనసులో ఉంది.

అసలు అడగాలనుకున్నది ఇది. ఎక్కడ చూసినా సైబర్ లా, డేటా ప్రొటెక్షన్, ఏఐ అంటున్నారు. సర్టిఫికెట్ కోర్సుల ప్రకటనలు రోజూ ఫోన్‌కు వస్తున్నాయి. నిజంగా ఈరోజు హైదరాబాద్‌లో ఒక జూనియర్‌ను వెతుక్కుంటూ వచ్చి ఫీజు ఇచ్చే కొత్త పని ఏది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాంట్రాక్టు_కలం

తమ్ముడూ, నేను కోర్టు నుంచి కంపెనీకి వెళ్లినదాన్నే. ఒక విషయం ముందే తేల్చుకో. బార్ కౌన్సిల్ నియమాల్లో 49వది చదివావా? పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి ప్రాక్టీస్ చేయకూడదు. చేరగానే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీస్ ఆపుకోవాలి. చాలామంది చెప్పకుండా సనద్ (ప్రాక్టీస్ అనుమతి పత్రం) అట్టిపెట్టుకుంటారు. తర్వాత ఏదో ఒక పోస్టుకు ప్రాక్టీస్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

పని మాటకొస్తే, మొదటి ఆరు నెలలు గోప్యత ఒప్పందాలు, వెండర్ ఒప్పందాలు, అవే క్లాజులు. విసుగొస్తుంది. కానీ ఒక క్లాజు ఎందుకు పెట్టారో, అది లేకపోతే ఎవరి నెత్తిన పడుతుందో అప్పుడే తెలుస్తుంది. జీతం ఒకటో తారీఖున పడుతుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు హాస్టల్ ఫీజు కట్టి చాలా ఏళ్లయి ఉంటుంది.

జ్యుడీషియరీ_ఆశ

పైన అక్క చెప్పినదానికి ఇది కలుపుకోండి బ్రో. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీస్ మళ్లీ తప్పనిసరి అని. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్క వేస్తారు, బార్ ఎగ్జామ్ పాసైన తేదీ నుంచి కాదు. అక్కడి ప్రధాన న్యాయాధికారి సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా కనీసం పదేళ్ల ప్రాక్టీస్ ఉన్న న్యాయవాది ఇచ్చినదాన్ని ఆయన ధ్రువీకరించాలి. జడ్జీల దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. కంపెనీ ఉద్యోగం మాత్రం ఇందులోకి రాదు.

అంటే నీకు మూడేళ్లు నిండడానికి ఇంకా ఏడాదే. ఇప్పుడు ఆపితే అక్కడే ఆగుతుంది. నేనైతే ఆ ఏడాది పూర్తి చేసేవాణ్ని.

నాంపల్లి_క్రిమినల్

కొత్త పని ఏది అన్నావు. నీ కళ్ల ముందే ఉంది. 2024 జూలై 1 నుంచి మూడు చట్టాలు మారాయి: ఐపీసీ బదులు బీఎన్‌ఎస్, సీఆర్‌పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్, సాక్ష్య చట్టం బదులు బీఎస్‌ఏ. ముప్పై ఏళ్లుగా సెక్షన్లు నోటికి ఉన్న సీనియర్ కూడా ఇప్పుడు పుస్తకం తెరవాల్సిందే. నేను బార్‌లోకి వచ్చినప్పుడు సీనియర్‌కు తెలియనిది నాకు తెలిసే అవకాశమే లేదు. మీకు ఆ అవకాశం ఉంది, మీరేమో కోర్సుల ప్రకటనలు చూస్తున్నారు.

సెక్షన్ల నంబర్లు మారడం పెద్ద సంగతి కాదు, పట్టిక పెట్టుకుంటే సరిపోతుంది. పద్ధతి ఎక్కడ మారిందో చూడు. సోదా చేసి వస్తువులు స్వాధీనం చేసుకుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం ఆడియో వీడియో రికార్డింగ్ ఉండాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లాలని 176(3) చెబుతోంది. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు కూడా ఇచ్చారు, అది మర్చిపోయి ఇప్పుడే వాదిస్తే జడ్జిగారు నవ్వుతారు. చార్జిషీటు చేతికి రాగానే మీ సీనియర్ సాక్షుల వాంగ్మూలాలు చదువుతారు. నువ్వు పంచనామా సమయం, వీడియో సమయం, జప్తు చేసిన వస్తువులు కోర్టుకు చేరిన తేదీ పక్కపక్కన పెట్టి చదువు. బెయిల్ వాదనలో సగం సరుకు అక్కడే దొరుకుతుంది.

ఇంకోటి. అరెస్టు చేయకుండా స్టేషన్‌కు పిలిచే పాత 41ఏ నోటీసు ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3). స్టేషన్ల నుంచి దాన్ని వాట్సాప్‌లో పంపడం అలవాటైపోయింది. అది చెల్లుబాటయ్యే సర్వీసు కాదని సుప్రీంకోర్టు 2025 జనవరిలోనే స్పష్టం చేసింది. కోర్టు సమన్లు ఎలక్ట్రానిక్‌గా పంపవచ్చు, పోలీసు నోటీసు కుదరదు. ఈ తేడా తెలిసిన జూనియర్‌ను క్లయింటు స్టేషన్‌కు వెంట తీసుకెళ్తాడు. ఫీజు ఎక్కడిది అన్నావు, ఇదిగో ఇక్కడిది.

అలాగని పాతవి పారేయకు. 2024 జూలైకి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే. పెండింగ్ కేసులు ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి. రెండు సెట్లూ సంచిలో ఉండాలి, తప్పదు.

గుమాస్తా_మాట

సంచి బరువు మోసేది కూడా జూనియరే.

సైబర్_సందు

నాంపల్లి అన్న చెప్పినదానికి నా వంతు.

సైబర్ లా అనగానే పిల్లలు హ్యాకింగ్, క్రిప్టో అనుకుంటారు. నా టేబుల్ మీదకు వచ్చేది అది కాదు. ఒక టిఫిన్ సెంటరాయన వస్తాడు. ఎవరో ఎక్కడో మోసపోయిన డబ్బులో కొంత నాలుగు చేతులు మారి, ఇడ్లీ తిన్నవాడి యూపీఐ ద్వారా ఈయన ఖాతాలో పడింది. బ్యాంకు ఖాతా మొత్తం ఆపేశారు. అడిగితే వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల లెటర్ ఉందంటారు. పాల బాకీ కట్టాలి, కూలీలకు ఇవ్వాలి. ఇలాంటివాళ్లు ఈ నగరంలో రోజూ కనిపిస్తారు.

చేయాల్సిన పని ఇది. బ్యాంకు నుంచి ముందు రాతపూర్వకంగా మూడు విషయాలు తెప్పించాలి: ఫిర్యాదు నంబరు, ఏ స్టేషన్, ఎంత మొత్తం. ఆ స్టేషన్‌కు ఈమెయిల్, స్పీడ్‌పోస్టు రెండూ పంపాలి. ఆ రోజు అమ్మకాల లెక్క, జీఎస్టీ ఉంటే ఆ పత్రాలు జతచేయాలి. మొత్తం ఖాతాను కాకుండా వివాదంలో ఉన్న సొమ్ము వరకే ఆపమని కోరాలి. కేరళ హైకోర్టు 2023లో ఇదే మాట చెప్పింది, పోలీసులు పేర్కొన్న మొత్తానికే ఫ్రీజ్ పరిమితం చేయాలని. మన దగ్గర దాన్ని వాదనకు ఆసరాగా చూపొచ్చు. కదలకపోతే మేజిస్ట్రేట్ ముందు దరఖాస్తు, అక్కడా కాకపోతే హైకోర్టులో రిట్. బీఎన్‌ఎస్‌ఎస్ 106 (పోలీసులు స్వాధీనం చేసుకోవడం) కింద ఆపారా, 107 (నేరం సొమ్ము జప్తు) కింద ఆపారా అన్నది తప్పక అడగాలి. రెండోదానికి మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి.

అటు డబ్బు పోగొట్టుకున్నవాళ్లూ వస్తారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేశారా లేదా అన్నదే మొదటి ప్రశ్న. తన తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల జరిగిన మోసమైతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పిన ఖాతాదారుకు నష్టం ఉండదని ఆర్‌బీఐ 2017 జూలై సర్క్యులర్ చెబుతుంది. కానీ తానే ఓటీపీ చెప్పిన కేసు దీని కిందికి రాదు. ఆ మాట మొదటి రోజే క్లయింటుకు చెప్పేయాలి. ఆశ పెట్టి ఫీజు తీసుకుంటే ఆ మనిషి మళ్లీ నీ మెట్లు ఎక్కడు.

ఈ పనిలో పోలీసులు అప్పుడప్పుడు వకీలుకే ఫోన్ చేసి ‘మీ క్లయింటు వివరాలు తీసుకుని స్టేషన్‌కు రండి’ అంటారు. టెన్షన్ పడొద్దు. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, క్లయింటు వివరాల కోసం న్యాయవాదికి సమన్లు ఇవ్వకూడదని, క్లయింటు రహస్యాలను కాపాడే బీఎస్‌ఏ 132లోని మినహాయింపులు వర్తిస్తేనే, అదీ ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వక అనుమతితోనే ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు ప్రింటు ఒకటి బ్యాగులో పెట్టుకో.

కొత్త_నల్లకోటు

సైబర్ అన్నా, చాలా థాంక్స్. మా హాస్టల్ కింద జిరాక్స్ షాపాయనకు సరిగ్గా ఇదే సమస్య. కానీ సీనియర్ ఆఫీసులో ఉంటూ సొంతంగా కేసు తీసుకోవచ్చా? సార్‌కు చెప్పాలా?

లైబ్రరీ_బెంచి

చెప్పాలి. అడగడానికి మొహమాటం దేనికి? ‘సార్, ఒక చిన్న దరఖాస్తు ఉంది, మీ పని పూర్తయ్యాక చేసుకుంటాను’ అంటే కాదనే సీనియర్లు తక్కువ. చెప్పకుండా చేస్తే మాత్రం మూడో వాయిదాకే ఆయన చెవిన పడుతుంది. బార్ అసోసియేషన్ క్యాంటీన్‌లో రహస్యాలు నిలవవు.

మూసీ_ఒడ్డు

నేను హైకోర్టులో రిట్లు చేస్తాను. హైదరాబాద్‌లో కొత్త పని అంటే నా లెక్కలో ఇప్పటికీ భూమే. చట్టం మారినప్పుడల్లా భూమి కొత్తదవుతుంది.

భూ రికార్డుల ధరణి పోర్టల్ 2020లో వచ్చినప్పుడు, తప్పు పడితే అప్పీలుకు పోయే దారి లేక జనం సివిల్ కోర్టుల చుట్టూ, మా చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్ 14 నుంచి దాని బదులు భూభారతి వచ్చింది, అప్పీళ్ల వ్యవస్థ మళ్లీ పెట్టారు. ఇప్పుడు అలాంటి మనిషి నేరుగా రిట్ వేస్తే ‘ముందు అక్కడికి వెళ్లావా’ అని బెంచి అడుగుతుంది. కాబట్టి ఆర్డీఓ ముందు, కలెక్టర్ ముందు అప్పీలు రాయగలిగినవాళ్లు కావాలి. పహాణీ, ఖాస్రా, సేత్వార్ లాంటి రెవెన్యూ రికార్డులు, పాత సాదా బైనామా (తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకం) చదవగలిగిన కుర్రవాళ్లు ఎందరున్నారు? నల్గొండ వాడివి అన్నావు. మీ నాన్నగారి పట్టాదారు పాసు పుస్తకం, దాని వెనక ముప్పై ఏళ్ల పహాణీలు తీసి కూర్చో. ఏ కోర్సూ అంత నేర్పదు.

ఇక హైడ్రా, చెరువుల ఆక్రమణలను కూల్చే సంస్థ. 2024 జూలైలో ఏర్పడింది. నోటీసు వచ్చినా రాకపోయినా జనం పరుగెత్తుకొస్తారు. ‘సార్, రిజిస్ట్రేషన్ ఉంది, ఇంటి నంబరు ఉంది, కరెంటు మీటరు ఉంది’ అంటారు. అవన్నీ ఉన్నా ఇల్లు చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దులో ఉంటే కథ వేరు. మొదట చూడాల్సింది ఆ చెరువు ఎఫ్‌టీఎల్ హద్దుకు తుది నోటిఫికేషన్ అయిందా, లేక ప్రాథమికంతో ఆగిందా. అభ్యంతరాలు పిలిచారా. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు, కట్టడాలు ఉండకూడని బఫర్ 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. మీ క్లయింటు ఇల్లు ఎఫ్‌టీఎల్‌లో ఉందా, బఫర్‌లోనా, రెండింటికీ బయటనా అన్నది సర్వే మ్యాపు చేతిలో పట్టుకుని చెప్పగలిగితే సగం రిట్ రాసినట్టే. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. నిజంగా చెరువులో కట్టినవాడి కేసు కూడా వస్తుంది. గడువు ఇప్పించమని అడగొచ్చు, విచారణ జరపమని అడగొచ్చు. గెలిపిస్తానని మాట ఇవ్వకండి.

ఫోన్‌లో_వకీలు

ఇంత శ్రమ ఎందుకు సార్ అందరికీ? నేను రిట్ అఫిడవిట్ ఏఐలో కొట్టిస్తున్నా, పది నిమిషాల్లో వచ్చేస్తుంది. తీర్పులు కూడా అదే ఇస్తుంది. సీనియర్లు దీన్ని ఒప్పుకోరు గానీ భవిష్యత్తు ఇదే.

నాంపల్లి_క్రిమినల్

తీర్పులు అదే ఇస్తుందా! అది ఇచ్చిన తీర్పు పుస్తకంలో ఉందో లేదో ఎప్పుడైనా చూశావా తమ్ముడూ?

2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌బాట్ కల్పించిన ఆరు కేసులను కోర్టుకు ఇచ్చి 5,000 డాలర్ల జరిమానా కట్టుకున్నారు. అది అమెరికా కదా అనుకోకు. లేని తీర్పుల మీద ఆధారపడిన ఆదాయపు పన్ను అసెస్‌మెంట్ ఉత్తర్వును బాంబే హైకోర్టు 2025లో కొట్టేసింది. కేరళ హైకోర్టు అదే ఏడాది జూలైలో జిల్లా కోర్టుల కోసం ఏకంగా ఒక విధానమే తెచ్చింది, తీర్పు రాయడానికి, నిర్ణయానికి రావడానికి ఏఐని వాడకూడదని.

నేను వాడొద్దు అనడం లేదు. తేదీల వరుస రాయించుకో, పెద్ద డిపోజిషన్‌ను (సాక్షి వాంగ్మూలాన్ని) కుదించుకో, ఇంగ్లిష్ సరిచేయించుకో. క్లయింటు పేరు, ఆధార్, మెడికల్ రిపోర్టు అందులో పెట్టకు. ప్రతి సుప్రీంకోర్టు తీర్పునూ ఆ కోర్టు వెబ్‌సైటు ఈ-ఎస్‌సీఆర్‌లో తెరిచి చూడు, 2023 నుంచి అది అందరికీ ఉచితమే. న్యూట్రల్ సైటేషన్ (తీర్పుకు కోర్టే ఇచ్చే నంబరు) కొడితే తీర్పు రావాలి. రాకపోతే ఆ పేరా తీసేయ్. ‘కౌన్సెల్, పేజీ ఎంత?’ అని జడ్జిగారు అడిగినప్పుడు నీ ఫోన్ జవాబు చెప్పదు.

ఫోన్‌లో_వకీలు

సరే అన్నా, చెక్ చేసుకుంటా. కోపం వద్దు.

గుమాస్తా_మాట

అయ్యా, నేను వకీలును కాదు. ముప్పై ఏళ్లు ప్లీడర్ గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ని. ఒక్క మాట చెప్పనివ్వండి. అందరూ సెక్షన్ల గురించి చెబుతున్నారు. ఈ పిల్లలు వేసే కేసుల్లో సగానికి నంబరే పడదు. ఆఫీసు ఆబ్జెక్షన్ పెట్టి రిటర్న్ చేస్తుంది. వకాలత్‌కు స్టాంపు లేదు, లిస్టులో పేజీ నంబర్లు కలవవు, జిరాక్స్ చదవడానికి రాదు, కోర్టు ఫీజు తక్కువ. క్లయింటు ఏమో స్టే వచ్చిందా అని ఫోన్ మీద ఫోన్. ఈ-ఫైలింగ్ వచ్చాక ఇవి పోతాయన్నారు, పోలేదు, తెర మీదకు మారాయి. స్కాన్ వంకరగా ఉందని వెనక్కి పంపుతున్నారు ఇప్పుడు.

రిటర్న్ షీటు చూసి మూతి ముడుచుకునే జూనియర్‌ను చూశాను, దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఒక్కో ఆబ్జెక్షన్‌కు జవాబు రాసుకున్న జూనియర్‌నూ చూశాను. అందరూ పని ఇచ్చేది రెండోవాడికే. పెళ్లిలో వంటవాడు ఎంత గొప్పవాడైనా విస్తరి తిరగేసి వేస్తే భోజనానికి ఎవరు కూర్చుంటారు?

రెండో_షిఫ్టు

కూకట్‌పల్లి కోర్టులో ప్రాక్టీస్. ఇద్దరు పిల్లలు, అందుకే సాయంత్రం ఏడు దాటాక ఆఫీసులో కూర్చోలేను, రాత్రి పిల్లలు పడుకున్నాక రెండో షిఫ్టు. నాలాంటివాళ్లు, ముఖ్యంగా అమ్మాయిలు ఈ థ్రెడ్ చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నాను.

కొత్త చట్టాలు బాగానే ఉన్నాయి. నాకు అద్దె కట్టిపెట్టింది మాత్రం పాత చెక్ బౌన్స్ కేసులు. బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక 15 రోజులు ఆగాలి, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. ఒక్క తేదీ తప్పితే ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసుకుని తిప్పలు పడాలి. ఇందులోనూ కొత్త సంగతులు వచ్చాయి. సమన్లు ఫిర్యాదుదారే స్వయంగా అందించేలా దస్తీగా కూడా ఇవ్వాలని, ఈ కేసుల్లో బీఎన్‌ఎస్‌ఎస్ 223 కింద ముందస్తుగా నిందితుణ్ని పిలవక్కర్లేదని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో చెప్పింది. ఫిర్యాదుతో పాటు ఒక చిన్న సారాంశ పత్రం కూడా పెట్టమంది. ఆ సారాంశం నీటుగా ఉంటే కేసు త్వరగా కదులుతుంది, నేను చూశాను.

ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్. 2022లో నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) తెచ్చిన పద్ధతి. వకీలును పెట్టుకోలేని నిందితుల తరఫున పూర్తికాలం పని, నెలకు గౌరవ వేతనం. అసిస్టెంట్ పోస్టుకు ఎక్కువ అనుభవం అడగరు. సొంత ప్రాక్టీస్ ఉండకూడదు, కానీ వేదిక కోర్టే. రిమాండు, బెయిల్, క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) అన్నీ చేతికొస్తాయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

సీనియర్ ఆఫీసు ఎంచుకునేటప్పుడు అమ్మాయిలకు ఒక మాట. ఆఫీసులో ఇప్పటికే ఉన్న జూనియర్‌ను విడిగా కలిసి అడగండి, రాత్రి ఎన్ని గంటలకు వదులుతారు, క్లయింట్ మీటింగ్‌లో కూర్చోనిస్తారా అని. సీనియర్ పేరు ఎంత పెద్దదన్నది తర్వాత.

లైబ్రరీ_బెంచి

అందరి మాటా బాగుంది. నాకో అభ్యంతరం ఉంది. ఈ అబ్బాయికి మీరు నాలుగు కొత్త దుకాణాలు చూపించారు. అందులో ఏది పెట్టినా లోపల అమ్మేది ఒకటే, సాక్ష్యం. సాక్ష్యం చదవడం, అడగడం రానివాడు సైబర్‌లోనూ నిలబడడు, భూమిలోనూ నిలబడడు. రెండేళ్లలో ఎన్ని క్రాస్‌లు చేశావు బాబూ? కోర్టు తరఫున వెళ్లి చూసి రిపోర్టు ఇచ్చే అడ్వకేట్ కమిషనర్‌గా ఒక్కసారైనా వెళ్లావా?

హైదరాబాద్ పెద్ద ఆఫీసుల్లో జూనియర్‌కు క్రాస్ దక్కదు. నల్గొండ జిల్లా కోర్టులో ఏడాది కూర్చుంటే దక్కుతుంది. ఇది వెనకబాటు అనుకుంటారు మీ తరం.

మూసీ_ఒడ్డు

లైబ్రరీ సార్‌తో సగం ఏకీభవిస్తాను. జిల్లాకు వెళ్లిపొమ్మనడం అంత తేలిక కాదు. అక్కడ తండ్రో మామో వకీలు కాని కుర్రవాడికి మొదటి మూడేళ్లు ఇంకా కష్టం, ఇక్కడైతే కనీసం ఎవరూ ఇంటిపేరు అడగరు.

కొత్త_నల్లకోటు

సార్, క్రాస్ ఒక్కటే చేశాను, అదీ ఫార్మల్ సాక్షిని. కమిషనర్‌గా వెళ్లలేదు. మా ఇంట్లో వకీళ్లు ఎవరూ లేరు.

ఇంకొకటి అడగాలి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నగరాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సర్క్యులర్ ఇచ్చింది కదా. సార్‌కు చూపించనా?

సైబర్_సందు

చూపించు. పక్కనే బ్యాగు సర్దుకుని పెట్టుకో.

లైబ్రరీ_బెంచి

సైబర్ గారూ, పిల్లవాణ్ని భయపెట్టకండి. బాబూ, అది సిఫారసు, శాసనం కాదు. సర్క్యులర్ చూపిస్తే ఆయనకు అది డిమాండులా వినిపిస్తుంది. దాని బదులు ‘సార్, ఈ మూడు ఫైళ్ల డ్రాఫ్టింగ్ నేనే చూసుకుంటాను, ఫైలుకు ఇంత ఇప్పించండి’ అని అడుగు. నెల జీతం పెంచడం సీనియర్లకు మింగుడుపడదు, ఫైలు లెక్క పడుతుంది. ఎందుకంటే అది క్లయింటు దగ్గరి నుంచి వస్తుంది కాబట్టి. నేను కూడా నా జూనియర్లకు అలాగే ఇచ్చాను. సరిపోయిందా అని వాళ్లను అడగాలి, నన్ను కాదు.

జ్యుడీషియరీ_ఆశ

ఇన్‌స్టాలో రీల్స్ చేసే లాయర్లను చూస్తే వాళ్లకే క్లయింట్లు వస్తున్నట్టుంది మరి. అది చేయొచ్చా?

నాంపల్లి_క్రిమినల్

చట్టం వివరించవచ్చు. ‘బెయిల్ కావాలా, ఈ నంబరుకు కాల్ చేయండి’ అంటే, వకీలు ప్రచారం చేసుకోకూడదనే 36వ నియమం అడ్డొస్తుంది. 2025 మార్చిలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దీని మీద గట్టిగానే హెచ్చరించింది, సినిమా నటులతో, ఇన్‌ఫ్లుయెన్సర్లతో ప్రచారం చేయించుకునేవాళ్లను కూడా కలిపి. జడ్జి పరీక్ష రాసేవాడివి, నీకెందుకయ్యా ఆ రీల్స్?

కాంట్రాక్టు_కలం

మళ్లీ వచ్చాను. డేటా ప్రొటెక్షన్ గురించి ఎవరూ సరిగా చెప్పలేదు కాబట్టి.

చట్టం 2023ది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027లో అమల్లోకి వస్తాయి. డేటా భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. అందుకే కంపెనీలు ఇప్పటి నుంచే తయారవుతున్నాయి. పెద్ద కంపెనీల పని పెద్ద సంస్థలకే పోతుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, డయాగ్నస్టిక్ ల్యాబులు, చిట్‌ఫండ్‌లు, స్కూళ్లు? 18 ఏళ్లలోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల అంగీకారం రుజువుతో సహా ఉండాలి. అమీర్‌పేటలో ఎన్ని కోచింగ్ సెంటర్లున్నాయో లెక్కపెట్టు. వాళ్లలో ఎవరూ పెద్ద లా ఫర్మ్‌కు వెళ్లరు.

ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. అంగీకారం కోరే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో కూడా. మా కంపెనీకి వచ్చిన తెలుగు నోటీసు డ్రాఫ్టు చూస్తే తల తిరిగింది, యంత్రం రాసింది, మనిషికి అర్థం కాదు. చట్టం తెలిసి, మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగు రాయగలిగినవాళ్లు దొరకడం లేదు. జిల్లాల నుంచి వచ్చిన మీలాంటివాళ్లు ఇంగ్లిష్ రాదని కుంగిపోతుంటారు. మీ దగ్గర ఉన్నదాన్ని ఎవరూ అడగరని ఎవరు చెప్పారు?

మూసీ_ఒడ్డు

ఇది నిజం. 2023 జూన్‌లో మన హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఒక ఆస్తి వివాదంలో తెలుగులోనే తీర్పు ఇచ్చింది, గుర్తుందా? కింది కోర్టుల్లో సాక్షి చెప్పేది తెలుగే, మనం వాదించేది వేరే.

కాంట్రాక్టు_కలం

ఇంకోటి తమ్ముడూ. ఆ కంపెనీ వాళ్లను, ఉద్యోగంగా కాకుండా రిటైనర్ పద్ధతిలో పని ఇస్తారేమో అడుగు. పూర్తికాలం జీతగాడివి కాకుండా, పనికి ఫీజు తీసుకునే న్యాయవాదిగా. అప్పుడు 49వ నియమం అడ్డురాదు, నీ మూడో ఏడూ ఆగదు. 45,000 ఇవ్వరు, అది ఖాయం. ఒప్పందంలో పనిగంటలు, హాజరు, సెలవులు రాస్తే మాత్రం సంతకం పెట్టకు, అది పేరు మార్చిన ఉద్యోగమే.

కొత్త_నల్లకోటు

అందరికీ అప్‌డేట్. కంపెనీ వాళ్లను అడిగాను అక్కా. రిటైనర్ అంటే మొదట అర్థం కానట్టు చూశారు. తర్వాత ‘కాంట్రాక్టుకు ఇంత అని ఇస్తాం, నెలకు గ్యారంటీ ఏమీ లేదు’ అన్నారు. సరే అన్నాను. నాన్నకు ఇంకా చెప్పలేదు.

సార్‌తో కూడా మాట్లాడాను. ఫైలు లెక్కకు ఒప్పుకోలేదు గానీ, ఒక పార్టిషన్ (ఆస్తి పంపకాల) సూటులో కమిషనర్‌గా నా పేరు మెమో వేయిస్తానన్నారు. జిరాక్స్ షాపాయన దరఖాస్తు నేనే పెట్టుకోమన్నారు.

ఆ దరఖాస్తు దగ్గరే ఆగిపోయాను. ఆయన ఫోన్‌లోని యూపీఐ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ ఆర్డర్లు పెడుతున్నాను. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి బీఎస్‌ఏ 63 సర్టిఫికెట్ కావాలి కదా. పార్ట్ ఏ షాపాయన సంతకం పెడతాడు. పార్ట్ బి నిపుణుడు పెట్టాలని ఉంది. ఎవరా నిపుణుడు? పక్క వీధి మొబైల్ రిపేర్ అబ్బాయి సరిపోతాడా?

నాంపల్లి_క్రిమినల్

హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) తీసి రాయగలడా ఆ అబ్బాయి? షెడ్యూలు తెరిచి చూడు, ఏ అల్గారిథమ్ వాడారో టిక్కు పెట్టే గడి కూడా ఉంది. పాత సాక్ష్య చట్టంలోని 65బి సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక అందరూ ఒక పేజీ ఫార్మాట్ పట్టుకుని తిరిగారు, ఆ ఫార్మాట్ ఇప్పుడు పనికిరాదు. 63లో నిపుణుడు అంటే ఎవరో చట్టం విడమరచి చెప్పలేదు. సెక్షన్ 39(2)తో కలిపి చదివి, ఐటీ చట్టం 79ఏ కింద ప్రభుత్వం ప్రకటించిన ఎలక్ట్రానిక్ సాక్ష్య పరీక్షకులే కావాలనేవాళ్లు ఉన్నారు. అర్హత ఉన్న కంప్యూటర్ ఇంజినీర్ చాలనేవాళ్లూ ఉన్నారు.

సైబర్_సందు

నా లెక్కలో ఈ దరఖాస్తుకు ఇప్పుడే పార్ట్ బి దాకా అక్కర్లేదు. ఇది ట్రయల్ కాదు. బ్యాంకు స్టేట్‌మెంటు బ్యాంకు ముద్రతో తీసుకో, అమ్మకాల లెక్క పెట్టు, స్క్రీన్‌షాట్లు వాటికి తోడు మాత్రమే. ఫోన్ మాత్రం అమ్మొద్దని, రీసెట్ చేయొద్దని షాపాయనకు రాతపూర్వకంగా చెప్పు.

నాంపల్లి_క్రిమినల్

ఒప్పుకోను. దరఖాస్తు దశలోనే పెడితే అవతలి వైపు నోరు మూతపడుతుంది.

మోడరేటర్

63 సర్టిఫికెట్ మీద చర్చ పెద్దదయ్యేలా ఉంది, దానికి విడిగా థ్రెడ్ తెరిచాను. ఎవరి దగ్గరైనా ఏదైనా కోర్టు ఆమోదించిన పార్ట్ బి నమూనా ఉంటే పార్టీల పేర్లు, కేసు నంబర్లు తీసేసి అక్కడ పెట్టండి.